ఆకు రాలని చెట్టు కావలెను

కావలెను: ఇంటి ముందుకి చెట్టు ఒకటి. ఆకు రాలరాదు. పూలు విరగబూయవలెను గానీ ఒక్కటీ కింద పడరాదు. వేళ్ళు ఉండరాదు, తప్పనిసరైతే గోడ జోలికి పోరాదు. చీమ, గొంగళి, కాకి వాలరాదు. నీడ దట్టంగా ఉండవలెను, అయితే గేటు మీద నేమ్‌ప్లేటు కనిపించవలెను. ఆరు నెలల్లో మొదటి అంతస్తు ఎత్తు పెరగవలెను, ఆ పైన పెరుగుట మానుకొనవలెను. వాస్తు దోషం గలవి దరఖాస్తు చేయనక్కరలేదు.

ఇలాంటి ప్రకటన ఏ పేపర్లోనూ పడలేదు. కానీ బెజవాడ భవానీపురంలో గృహప్రవేశం అయిన పదోనాడు యజమాని నర్సరీ ముందు కారాపి, అద్దం దించి, అప్పజెప్పే పాఠం ఇదే. ఈ అర్హతలన్నీ ఉన్న చెట్టు సృష్టిలో లేదు. నర్సరీవాడి నోట్లో మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

"ఏమయ్యా, ఆకు రాలదుగా?"

"రాలదు సార్."

"వేళ్ళు గోడ కిందికి పోవుగా?"

"పోవు సార్, తిన్నగా లోపలికే దిగుతాయి."

"లోపల సంపుంది."

"అయితే పక్కకి పోతాయి సార్."

"పక్కన డ్రైనేజీ పైపుంది."

"అసలు ఎటూ పోవు సార్. కుండీలోనే పెట్టేయండి."

"పూస్తుందా?"

"మీరే చూడండి సార్, ఇప్పటికే నాలుగు పూలున్నాయి."

ఆ నాలుగే మొదటివీ, అవే చివరివీ. మొక్క ఇంటికొచ్చిన వారానికి పూలు రాలతాయి, నెలకి ఆకులు రాలతాయి, రెండో నెలకి కుండీ మిగులుతుంది. కుండీ మాత్రం చాలా మంచిది. వినాయక చవితికి నీళ్ళ బకెట్ కింద పనికొస్తుంది.

ఇదేమైనా ఎడారా అంటే కాదు. పక్కనే కృష్ణమ్మ. 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచీ ఎగువన నీళ్ళు నిలిచే చోటు. ఎదురుగా నదిలో నూట ముప్పై ఎకరాల పైచిలుకు భవానీ ద్వీపం పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది. కర్ర గుచ్చితే చిగురించే నేల ఇది. అలాంటి నేల మీద మనవాడు నూట యాభై గజాల్లో రెండంతస్తులు లేపి, కారుకి పోర్టికో వేసి, చట్టం వదలమన్న సందుల్ని కూడా వదలకుండా గచ్చు చేసి, గచ్చు మీద టైల్సు పరిచి, చాలక గేటు బయట మురుగుకాలువ మీదుగా రోడ్డు మధ్య దాకా ర్యాంపు దించి, అప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసి అంటాడు: "ఇక్కడ కొంచెం గ్రీనరీ ఉంటే బాగుంటుంది."

ఉండేది. నువ్వు రాకముందు ఉండేది.

పాత పెంకుటింటి వాకిట్లో వేపచెట్టు ఉండేది. దాన్ని ఎందుకు కొట్టేశారని అడిగి చూడండి, ఎఫ్ఐఆర్ లాగా చదువుతారు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది. చైత్రంలో పువ్వు రాలుస్తుంది. జ్యేష్ఠంలో పండు రాలుస్తుంది. పండు కోసం వచ్చిన కాకులు కారు మీద వాటి పని అవి చేసి పోతాయి. ఇన్ని నేరాలు చేసిన దానికి ఉరి తప్పదు కదా! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో వేపను రాష్ట్ర వృక్షంగా, మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. చట్టం తెలిసినవాడు గొడ్డలి ఎత్తడు. రాత్రిపూట మొదట్లో రంధ్రం చేసి యాసిడ్ పోస్తాడు. రెండు నెలలకి "అయ్యో, పాపం ఎండిపోయిందండీ" అని తనే మొదట పరామర్శిస్తాడు.

ఆ చెట్టు పోయిన చోట కుండీలో మందారం పెడతాడు. మందారానికి పిండినల్లి పడుతుంది. ఏం చేయాలని అడిగితే వేపనూనె కొట్టమంటారు. మట్టి పుంజుకోవాలంటే వేపపిండి కలపమంటారు. ఉగాది ముందురోజు పచ్చడిలోకి వేపపువ్వు కావాలి. మూడూ బజార్లో డబ్బు పోసి కొంటాడు. రాష్ట్ర వృక్షాన్ని చంపి, దాన్ని సీసాల్లోనూ సంచుల్లోనూ విడివిడిగా కొనుక్కునే తెలివి మనకు తప్ప ఎవరికొస్తుంది?

పోనీ, కొత్త మొక్కను ఎంచే తీరు చూద్దాం. మొదటి మాట వాస్తు సిద్ధాంతిగారిది. ఇంటిముందు మునగ వద్దు, పాలు కారే చెట్టు వద్దు, ముళ్ళది వద్దు, ఈశాన్యంలో బరువు వద్దు. రెండో మాట టైల్సు మేస్త్రీది. మరక పడే పూలు వద్దంటాడు. మూడోది హైదరాబాదు బావమరిదిది. వాళ్ళ గేటెడ్ కమ్యూనిటీలో వరసగా ఫాక్స్‌టైల్ పామ్‌లు ఉన్నాయి కాబట్టి ఇక్కడా ఉండాలి. నాలుగోది ఫోన్లో కనిపించే ముప్పై సెకన్ల వీడియోది. అయిదో మాట అడగవలసింది ఆ చోటునే: ఎన్ని గంటలు ఎండ పడుతుంది, ఎంత లోతు మట్టి ఉంది అని. అక్కడిదాకా పంచాయితీ రాదు. బెజవాడ వేసవిలో 45 డిగ్రీల ఎండకి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వదిలే సెగకి ఎదురుగా, నీడలో బతికే అరేకా పామ్‌ని నిలబెడతారు. మడగాస్కర్ నుంచి వచ్చిన పాపానికి అది నిలువునా మాడిపోతుంది. అప్పుడు వినిపించే తీర్పు ఒకటే: "మన చేతికి మొక్కలు రావండీ."

నర్సరీవాళ్ళని తిట్టి లాభం లేదు. గోదావరి ఒండ్రు మీద కడియం, కడియపులంక రైతులు తరాల తరబడి నేర్చిన అంటు విద్యతో దేశమంతా లారీలు నింపి పంపుతున్నారు. వాళ్ళ దగ్గర పొగడ ఉంది, పొన్న ఉంది, సంపెంగ ఉంది, పారిజాతం ఉంది. వాటి వరస దగ్గర ఆగేవాడు లేడు. "ఇవి మా తాతగారి ఊళ్ళో కూడా ఉన్నాయి లేవయ్యా, కొత్తవి చూపించు" అంటే, థాయ్‌లాండ్ నుంచి దిగిన రంగుల ఆకు చూపిస్తాడు. అడిగినవాడికి అడిగిందే ఇచ్చాడు. తప్పెవరిది?

ఆకు రాలని, త్వరగా పెరిగే చెట్టు కోసం మన తపస్సు ఒకసారి ఫలించింది కూడా. దేవుడు ప్రత్యక్షమై కోనోకార్పస్‌ని ప్రసాదించాడు. సోమాలియా, యెమెన్ తీరాల వైపు చెట్టు. గల్ఫ్ ఎడారి నగరాలు దాన్ని ముందు నెత్తిన పెట్టుకున్నాయి. మనం ఎడారి కాకపోయినా నెత్తిన పెట్టుకున్నాం. నిటారుగా, ఒకే ఎత్తులో, పోలీసు పరేడ్‌లా నిలబడుతుంది కాబట్టి డివైడర్ల మీద, కాలనీ గోడల వెంట, వెంచర్ల ముఖద్వారాల దగ్గర బారులు తీర్చాం. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంలో కూడా దాన్ని విరివిగా నాటి, తరువాత నర్సరీల్లో పెంచొద్దన్నారు. గుజరాత్ 2023 సెప్టెంబరులో నిషేధించింది. తమిళనాడు 2025లో అదే దారి పట్టింది. పుప్పొడితో దగ్గు, ఆయాసం అని, వేళ్ళు పైపుల్లోకి దూరతాయని అభియోగం. అంత గోల అక్కర్లేదని వాదించే వృక్షశాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఆ వాదన వాళ్ళు తేల్చుకుంటారు. మన ముచ్చట వేరు. అది మన గాలికీ నేలకీ సరిపోతుందా అని నాటేముందు ఎవరూ అడగలేదు. నాటి, కత్తిరించి, ఫొటో దిగాక అడిగాం. నిన్నటిదాకా "ఎంత నీట్‌గా ఉందో" అన్న నోరే ఇవాళ "విషవృక్షం" అంటోంది. చెట్టు మాత్రం రెండు రోజులూ ఒక్కలాగే నిలబడి ఉంది.

అందానికి మొక్కను తెచ్చి అనుభవించడం మన డెల్టాకి కొత్త కాదు. నమ్మకం లేకపోతే బందరు కాలవ గట్టు మీదో ఏలూరు కాలవ గట్టు మీదో ఒక్క నిమిషం నిలబడి కిందికి చూడండి. నీళ్ళు కనిపించవు. గుర్రపు డెక్క కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు మొక్క అది. ఊదారంగు పూల గుత్తి ముచ్చటగా ఉందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్లో కొలనుల అలంకారానికి తెచ్చుకున్నారు. కొలను దాటింది, నది దాటింది, పడవ కదలకుండా, చేప బతకకుండా చేసింది. చివరికి 1936లో బెంగాల్ ప్రభుత్వం దాని పేరు మీద ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. చట్టం కాగితం మీద ఉండిపోయింది, డెక్క కృష్ణా డెల్టా దాకా వచ్చింది. ఇవాళ కాలవల్లో దాన్ని లాగడానికి ఏటా పొక్లెయిన్లు దిగుతాయి, బిల్లులు పాసవుతాయి, మళ్ళీ అది మొలుస్తుంది. మన ప్రాంతంలో ఇంతమందికి ఇన్నేళ్ళుగా ఉపాధి కల్పించిన పూలమొక్క మరొకటి లేదు. లాంటానా కథా ఇంతే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తాకి పూల కంచె మొక్కగా వచ్చి, ఇప్పుడు అడవులకి అడవులకే కంచె వేసింది.

ఇది చదివి "అవునండీ, పరాయి దేశపు మొక్కలన్నీ పీకేయాలి" అని లేచేవాళ్ళు దయచేసి కూర్చోండి. మీ గుమ్మానికి దండ కట్టే బంతి మెక్సికోది. చేమంతి చైనాది. మే నెలలో ఎర్రగా మండే తురాయి మడగాస్కర్‌ది. కాగితంపూలు దక్షిణ అమెరికావి. ఎవరూ నీళ్ళు పోయకపోయినా గోడ పగుల్లో పూసే బిళ్ళగన్నేరు కూడా మడగాస్కర్‌దే. దాన్నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కి మందు. వచ్చినవి ఎక్కణ్ణుంచి అన్నది కాదు ప్రశ్న, వచ్చి ఏం చేస్తున్నాయన్నది. బంతి కష్టపడి పూస్తుంది, రైతుకి కూలి ఇస్తుంది, దేవుడి మెడలో ఎండుతుంది. మీ పోర్టికోలో నాలుగువేలు పోసి నిలబెట్టిన పామ్ ఏం చేస్తోంది? దుమ్ము పడుతోంది.

ఇంకో విచిత్రం. వేపకి గొంగళ్ళు వస్తాయి, పిల్లలున్న ఇల్లండీ అంటారు. అదే పిల్లలు ఆడుకునే గేటు పక్కన పచ్చగన్నేరు నాటతారు. దాని పప్పు తింటే గుండె ఆగుతుందని మన పల్లెల్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఎర్రగన్నేరుకీ ఆకు మొదలు కొమ్మ దాకా విషమే. హాల్లో సోఫా పక్కన తెల్ల మచ్చల డైఫెన్‌బేకియా పెడతారు. దాని ఆకు పసివాడు కొరికితే నాలుక వాచి మాట పడిపోతుంది. గొంగళిపురుగు మాత్రం పనికిరాదు. ఎందుకంటే అది కనిపిస్తుంది. విషం కనిపించదు. పైగా ఇంపుగా ఉంటుంది.

ఇన్ని మొక్కలు కొన్న ఇంట్లో పూజకి పూలు ఉండాలి కదా? ఉండవు. అందుకే తెల్లవారుజామున భవానీపురం వీధుల్లో ఒక సైన్యం దిగుతుంది. కాళ్ళకి వాకింగ్ షూలు, చెవిలో ఇయర్‌ఫోన్‌లో సుప్రభాతం, ఒక చేతిలో క్యారీబ్యాగు, రెండో చేతిలో దోటి. హౌసింగ్ బోర్డు కాలనీ వైపు ఇంకా మిగిలిన ఏ పాత ఇంటి గోడ మీంచి నందివర్ధనం కొమ్మ బయటికి వాలినా తెల్లారేసరికి అది మోడే. నాటినావిడ అయిదున్నరకి చెంబుతో బయటికొస్తే తొడిమలు మిగులుతాయి. ఒకరోజు ఆవిడ కాస్త ముందుగా లేచి పట్టుకుంది.

"పిన్నిగారూ, ఒక్క పువ్వైనా మాకుంచండి."

"దేవుడికే కదమ్మా. పుణ్యం నీకూ వస్తుంది."

"మీ ఇంటి ముందు అంత పెద్ద గార్డెన్ ఉందిగా?"

"అది షో కోసం పెట్టుకున్నది తల్లీ. దానికి పూలెక్కడ పూస్తాయి?"

న్యాయం ఇంత సూటిగా ఏ కోర్టులోనూ దొరకదు. చూపుకి మా ఇంట్లో, పూజకి మీ ఇంట్లో. పుణ్యం ఎవరి ఖాతాలో పడాలన్నది ఇంద్రకీలాద్రి మీది అమ్మవారే తేల్చాలి. దొంగిలించిన మనీప్లాంట్ అయితేనే డబ్బు తెస్తుందని నమ్మే జాతికి దొంగిలించిన మందారంతో మోక్షం రాదని చెప్పడం ఎవరి తరం?

పండగలు మాత్రం మన తోటలకి ఏటా పరీక్ష పెడతాయి. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రులు కావాలి: మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, మద్ది, జిల్లేడు... మీ ఇంటి 'గార్డెన్'లో ఇందులో ఎన్ని ఉన్నాయో వేళ్ళు ముడవండి. తులసి ఒక్కటి తగిలినా పాసు మార్కులే. అందుకే ఆ రోజు పొద్దున్నే బజారుకెళ్ళి కట్ట కొంటాం. కట్టలో ఏ ఆకు ఉందో అమ్మినవాడికి తెలియదు, కొన్నవాడికి తెలియదు, మంత్రం చదివే పంతులుగారు కట్ట వైపు చూడరు. మాచీపత్రం సమర్పయామి అంటే చేతికి తగిలిన ఆకు వేస్తాం. గణపతి ఏమీ అనడు. ఆయనకి మన సంగతి తెలుసు.

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం చేయాలి. చెట్టు లేదు. ఫంక్షన్ హాల్లో ఏసీ వేసి, రెండడుగుల ఉసిరి మొక్క ఉన్న కుండీని బఫే టేబుల్ మధ్యలో పెట్టి, మూడు వందల మంది దాని 'కింద' వనభోజనం చేస్తారు. పన్నీరు పకోడీ ఆవిరికి ఆ మొక్క అక్కడికక్కడే వాడిపోతుంది. ఇక సింహద్వారానికి మామిడి తోరణం సంగతి చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్‌ది. ఉగాది నాడు కట్టింది సంక్రాంతికీ పచ్చగానే ఉంటుంది. ఏడాదికోసారి సబ్బునీళ్ళతో కడిగితే చాలు. పోర్టికోలో ప్లాస్టిక్ గడ్డి, గోడకి ప్లాస్టిక్ ఆకుల పలక, దేవుడి పటానికి ప్లాస్టిక్ చేమంతి దండ. మన ప్రకటనకి పూర్తి అర్హతలతో వచ్చిన ఏకైక అభ్యర్థి ఇదే కాబట్టి ఉద్యోగం దానికే ఇచ్చాం.

అసలు జబ్బు ఇక్కడ ఉంది. మనకి పువ్వు కావాలి, చెట్టు వద్దు. నీడ కావాలి, ఆకు వద్దు. పచ్చదనం కావాలి, మట్టి వద్దు. రాలిన ఆకుని 'చెత్త' అన్న రోజునే మనకి చెట్టుతో చుట్టరికం తెగింది. ఆ ఆకు మొదట్లోనే పడి కుళ్ళితే చెట్టుకి అన్నం. దాన్ని ఊడ్చి, కవర్లో కట్టి, మున్సిపాలిటీ బండికి ఇచ్చి, అదే చేత్తో బస్తా ఎరువు కొంటాం. వాన చుక్క ఇంకడానికి జానెడు నేల మిగల్చకుండా, వీధిలో మోకాల్లోతు నీళ్ళు నిలిస్తే ఛానెల్ వాళ్ళ ముందు నిలబడి కార్పొరేషన్‌ని కడిగేస్తాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఊళ్ళోకి వచ్చిన వారమే బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఆ వరదకి మన గచ్చు కారణమని ఎవరూ అనరు. కానీ అంత నీళ్ళు చూశాక కూడా, వరద తీశాక మనవాళ్ళు చేసిన మొదటి పని వాకిట్లో మిగిలిన కాస్త మట్టిని కూడా సిమెంటు చేసి ఎత్తు లేపడం. నీళ్ళు పక్కింట్లోకి పోతాయి కదా, అదీ ధైర్యం.

కాబట్టి కొత్త ఇంటి యజమానులకి ఒక్క మాట. గచ్చు పగలగొట్టే ఉద్దేశం లేకపోతే నర్సరీకి వెళ్ళకండి. మొక్క అక్కడే నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది. ఉద్దేశం ఉంటే ముందు గునపం తీయండి. గేటు పక్కన మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. అందులో పశువుల ఎరువు, పొలం మట్టి. చోటు పెద్దదైతే పొగడో పొన్నో రేలో, చిన్నదైతే పారిజాతం, నందివర్ధనం, మందారం, పందిరికి సన్నజాజి, పొద్దంతా ఎండ పడే చోట మల్లె. ఏ ఒక్కటి పెట్టినా ఆకు రాలుతుంది, పువ్వు రాలుతుంది, పురుగు వస్తుంది, పురుగు కోసం పిట్ట వస్తుంది. ఊడవండి, లేదా ఊడవకండి. రాలకపోతే అది చెట్టు కాదు.

ఈ తొలకరికి ఆ మూడడుగులు తవ్వండి. వచ్చే ఏడాది దేవుడికి మీ ఇంటి పువ్వే పెట్టండి.